చిత్రోత్సవంలో చూసినవాళ్లది తలా ఒక మాట: ఎవరి మాట పట్టుకోవాలి?

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మన ఒడిశాలో బరంపురం పట్టు నేసే కుటుంబం మీద తీసిన ఆ కొత్త సినిమాను నవంబరులో గోవాలో మొదటిసారి వేశారు. చూసి వచ్చినవాళ్లలో కొందరు ఇలాంటి సినిమా చూసి ఎన్నేళ్లయిందో అంటున్నారు. మరికొందరు రెండున్నర గంటలు కూర్చోవడం శిక్ష అని రాశారు. ఈ గొడవ మీ పర్లాకిమిడి మిత్రబృందం దాకా వచ్చింది. సినిమా చూడకుండానే ఇద్దరు స్నేహితులు మాటలు మానేశారు. వచ్చే నెల సినిమా మన వైపు హాళ్లకు వస్తోంది. మొదటి ప్రదర్శన చూసినవాళ్ల మాటకు ఎంత విలువ ఇవ్వాలి, ఇంత దూరంలో ఉన్నవాళ్లు డబ్బు, సెలవులు ఖర్చుపెట్టి చిత్రోత్సవాలకు వెళ్లడంలో అర్థం ఉందా అని అడిగారు.

నేను ఆ మొదటి ప్రదర్శనలో ఉన్నాను. వెనక నుంచి మూడో వరుస, కుడి చివరి కుర్చీ. బరంపురంలో పుట్టి, ఇక్కడే బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చిత్రోత్సవాలకు తిరగడం 1986 జనవరిలో మొదలైంది. అప్పట్లో పోటీతో కూడిన ఉత్సవం ఒక ఏడాది ఢిల్లీలో, పోటీ లేని ఫిల్మోత్సవ్ మరుసటి ఏడాది వేరే నగరంలో జరిగేవి. ఆ ఏడు హైదరాబాద్ వంతు. మా పెదనాన్నగారి అబ్బాయి హాస్టల్ గదిలో పడుకుని వారం రోజులు సినిమాలు చూశాను. ఆ తర్వాత సెలవు దొరికిన ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోటికి వెళుతూనే ఉన్నాను. కాబట్టి ఇది ఒక ప్రేక్షకుడి సమాధానం. సమీక్షలు రాసి బతికే మనిషిని కాదు.

ముందుగా మీ సినిమా సంగతి. నాకు నచ్చింది. మధ్యలో ఒక అరగంట తగ్గించి ఉంటే ఇంకా నచ్చేది. అయితే ఆ హాలులో అభిప్రాయాలు ఎందుకు చీలిపోయాయో ఒక్క సన్నివేశం చెబితే మీకే తెలుస్తుంది. అది చెప్పినంత మాత్రాన కథ బయటపడదు.

కటక్ నుంచి షావుకారు బాకీ అడగడానికి వస్తాడు. ఇంటావిడ నాడె, అంటే మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే పనిముట్టు, చేతిలో పట్టుకునే గడప దగ్గరికి వస్తుంది. లోపల గుంట మగ్గం మీద భర్త నేస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఆవిడ షావుకారుతో ఒడియాలో, ఎంతో మర్యాదగా, 'కాలి ఆసంతు' అంటుంది. రేపు రమ్మని. అదే ఊపిరిలో, ముఖం మీది నవ్వు చెదరకుండా, పక్కన నిలబడ్డ కొడుకుతో తెలుగులో 'రేపు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాం, నాన్నకు చెప్పకు' అంటుంది. షావుకారుకు తెలుగు రాదు. తల ఊపి వెళ్లిపోతాడు. సరిగ్గా అప్పుడు లోపల మగ్గం ఆగిపోతుంది. భర్త ముఖం చూపించరు. ఆ చప్పుడు ఆగడమే ఆయన విన్నాడని చెప్పడం.

మన జిల్లాల్లో పెరిగిన మనిషికి ఈ సన్నివేశం గుండెలో దిగుతుంది. ఒక భాష బయటివాళ్లకు, ఒక భాష ఇంటికి, రెండూ ఒకే నోట్లో. మా మేనత్త ఇంట్లో మగ్గం ఉండేది. బరంపురం పట్టు నేసేవాళ్లలో తెలుగు నేల నుంచి వచ్చి తరాల కిందట స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఫోడా కుంభ అనే గుడి శిఖరాల అంచు నేసే చేతులు ఒడియాలో బేరమాడి తెలుగులో బాధపడటం నేను చిన్నప్పటి నుంచి చూశాను.

ఇప్పుడు గోవా హాలులో కూర్చున్న ఢిల్లీ విమర్శకుడి వైపు నుంచి చూడండి. ఆయనకు రెండు భాషలూ ఒకే గలగల. తెర కింద ఇంగ్లిషులో రెండు వాక్యాలు వరసగా పడ్డాయి. 'రేపు రండి.' 'రేపు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాం, నాన్నకు చెప్పకు.' భాష మారిందని చెప్పే గుర్తు ఏదీ లేదు. వాలు అక్షరాలు లేవు, రంగు మారలేదు. ఆయనకు కనిపించింది, అప్పిచ్చినవాడి ముఖం మీదే 'మేం ఇవ్వలేం' అని చెబుతున్న ఆడమనిషి, అది విని కూడా తల ఊపి వెళ్లిపోతున్న షావుకారు. మర్నాడు ఆయన సమీక్షలో 'పాత్రల ప్రవర్తన నమ్మశక్యంగా లేదు, సంభాషణలు అతకలేదు' అని రాశారు. ఆయన చూసినదాన్ని బట్టి ఆ మాట నిజం. ఆయన అబద్ధం రాయలేదు.

ఆ సన్నివేశంలో హాలు మొత్తం మీద ఇద్దరమే నవ్వాం. ఒకడిని నేను. రెండో నవ్వు ముందు వరుసల్లో ఎక్కడో వినిపించింది. విరామం లేకుండా వేసే ప్రదర్శన కాబట్టి సినిమా అయ్యాక మెట్ల దగ్గర వెతికి పట్టుకున్నాను. ఆవిడది రాయగడ. పుణేలో ఉద్యోగం. పది నిమిషాలు మేమిద్దరం ఆ మగ్గం ఆగడం గురించే మాట్లాడుకున్నాం. ఆ మెట్ల మీదే ఇంకో ఇద్దరు కుర్రాళ్లు 'తల్లి పాత్ర ఎందుకంత మొరటుగా ఉంది' అని చర్చించుకుంటున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాను. ఒకతను చాలాసేపు మౌనంగా ఉండి, 'అయితే నేను వేరే సినిమా చూశానన్నమాట' అన్నాడు.

అందుకే అంటున్నాను. అభిప్రాయాలు చీలినప్పుడు ఎవరి పక్షాన నిలబడాలి అని అడిగే ముందు, ఆ అభిప్రాయం ఏ కుర్చీలో పుట్టిందో అడగండి. ఎక్కడ చూశారు, ఏ పూట చూశారు, ఆ రోజు అది ఎన్నో సినిమా, భాష తెలుసా, ఎవరి పక్కన కూర్చున్నారు. ఇవన్నీ అభిప్రాయంలో కలిసిపోయి ఉంటాయి. సమీక్షలో మాత్రం కనిపించవు.

మొదటి ప్రదర్శన అనేది మామూలు ప్రదర్శన కాదన్న సంగతి బయట ఉన్నవాళ్లకు అంతగా తెలియదు. ఆ హాలులో దర్శకుడి అమ్మానాన్నలు ఉంటారు. కెమెరామన్ భార్య ఉంటుంది. సినిమా కొనడానికి వచ్చినవాళ్లు ఉంటారు. అదే ఉత్సవంలో తన సినిమా పోటీలో ఉన్న మరో దర్శకుడు ఉంటాడు. ముందు బృందాన్ని వేదిక మీదికి పిలిచి పూలగుత్తులు ఇస్తారు. తర్వాత లైట్లు ఆర్పుతారు. చివర చప్పట్లలో మొహమాటం ఎంతో, ప్రేమ ఎంతో, సినిమా ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇన్ని నిమిషాలు నిలబడి చప్పట్లు కొట్టారని వార్తలు వస్తాయి చూడండి, వాటిని నేను లెక్కలోకి తీసుకోవడం మానేసి చాలా కాలమైంది.

ఈల వేసి వెళ్లగొట్టడం కూడా అలాంటిదే. 1960లో ఫ్రాన్స్‌లోని కాన్స్ చిత్రోత్సవంలో ఇటలీ దర్శకుడు ఆంటోనియోని తీసిన 'లావెంతూరా' వేసినప్పుడు హాలులో నవ్వారు, అరిచారు, ఈలలు వేశారు. కథలో ఒక అమ్మాయి దీవిలో తప్పిపోతుంది. వెతికేవాళ్లు ఆమెను దాదాపు మరిచిపోతారు. సినిమా కూడా ఆమె ఏమైందో చెప్పదు. డబ్బిచ్చి వచ్చినవాడికి మోసంలా అనిపించే సంగతే ఇది. నాయిక మోనికా విట్టి కన్నీళ్లతో బయటికి వెళ్లిందంటారు. మర్నాడే రోసెలినీ లాంటి దర్శకులు, విమర్శకులు కలిసి ఆ సినిమాకు మద్దతుగా ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. అదే ఉత్సవంలో దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. రెండేళ్లకు, 1962లో, 'సైట్ అండ్ సౌండ్' అనే బ్రిటిష్ సినిమా పత్రిక విమర్శకులతో వేయించిన ఓట్లలో ప్రపంచ చిత్రాల్లో రెండో స్థానంలో నిలిచింది. ఈలలు వేసినవాళ్లంతా మూర్ఖులని నేను అనను. వాళ్లు ఎదురుచూసిన సినిమా ఒకటి, తెర మీద వచ్చింది ఇంకొకటి. ఎదురుచూపును పక్కనపెట్టడానికి వాళ్లకు ఒక రాత్రి చాల్లేదు.

కాన్స్‌లో ఇంకో తేడా కూడా ఉండేది. పాత్రికేయులకు ముందుగా విడిగా వేసేవాళ్లు. సాయంత్రం బృందం హాజరయ్యే ప్రదర్శన వేరు. పొద్దున పాత్రికేయుల హాలులో ఛీత్కారం, రాత్రి పెద్ద హాలులో జేజేలు, రెండూ ఒకే సినిమాకు. 2018 నుంచి ముందస్తు పాత్రికేయుల ప్రదర్శనలు ఆపేశారు. బృందం ఎర్ర తివాచీ మీద అడుగు పెట్టేలోపే సినిమా బాగాలేదన్న మాట ఊరంతా పాకకూడదని చేసిన మార్పు అది. దీన్నిబట్టి మీరే చూడండి, మొదటి మాట ఎంత గట్టిగా అంటుకుంటుందో నిర్వాహకులకు కూడా తెలుసు.

మన దగ్గరి సంగతి తీసుకుందాం. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదట్లో హాళ్లు ఖాళీగా ఉండేవి. పేరున్న హీరో లేడు, ముసలాయన కథానాయకుడు, అంతా శాస్త్రీయ సంగీతం. ఆ వారాల్లో ఎవరిని అడిగినా పోయిందనే చెప్పి ఉంటారు. ఒకరి నోట ఒకరు విని జనం రావడం మొదలయ్యాక ఏం జరిగిందో మీ ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లోని బెజాన్సన్ ఉత్సవంలో ప్రేక్షకుల బహుమతి కూడా దానికే వచ్చింది. తెలుగు ముక్క తెలియని జనం ఇచ్చిన బహుమతి అది. భాష తెలిస్తేనే సినిమా అందుతుందని నేను పైన చెప్పిన మాటకు ఇది అడ్డం వస్తుంది. రావాలి కూడా. సంగీతం దాటగలిగిన గడపను మాటలు దాటలేవు. మీ చేనేత సినిమా మాటల మీద నిలబడ్డ సినిమా.

అలసట గురించి కూడా చెప్పాలి. ఇది నా సొంత అనుభవం, ఇప్పటికీ బాధపెట్టేది. ఒక డిసెంబరులో తిరువనంతపురంలో రోజుకు ఐదేసి సినిమాలు చూస్తూ నాలుగో రోజు రాత్రి ఒక తుర్కీ సినిమాకు కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనం లేదు, రెండు అరటిపళ్లు. తెర మీద ఒక ముసలాయన మంచులో నడుస్తున్నాడు, నడుస్తూనే ఉన్నాడు. నా నోటుపుస్తకంలో 'ఇందులో ఏమీ లేదు' అని రాసుకున్నాను. ఊరికి వచ్చాక అడిగిన ప్రతివాడికీ అదే చెప్పాను. కనీసం పదిమంది నా మాట విని ఆ సినిమా చూడలేదు. రెండేళ్ల తర్వాత భువనేశ్వర్‌లో ఒక ఆదివారం పొద్దున, బాగా నిద్రపోయి లేచి, కాఫీ తాగి వెళ్లి అదే సినిమా మళ్లీ చూశాను. ఆ ముసలాయన దారి పొడవునా లెక్కపెట్టుకుంటున్నాడు. కొడుకు సమాధి దాకా ఎన్ని అడుగులో. మొదటిసారి ఆ పెదవుల కదలికే నేను చూడలేదు. అప్పటి నుంచి రోజుకు మూడు దాటి చూడను. ఎవరి సమీక్ష చదివినా, ఉత్సవం ఎన్నో రోజున రాశారో తేదీ చూస్తాను. మీరు కూడా ఆ తేదీ చూడండి. మీ సినిమాను గోవాలో ఆరో రోజు రాత్రి తొమ్మిది దాటాక వేశారు. బాగా తిట్టిన సమీక్షలు మూడు మర్నాడు మధ్యాహ్నానికే వచ్చేశాయి.

పొగిడినవాళ్ల మాట కూడా అలాగే తూచాలి. ఉత్సవంలో చూసిన మనిషికి ఒక బలహీనత ఉంటుంది. అందరికంటే ముందు చూశానన్న ఉత్సాహం. అంత దూరం వెళ్లి, వరసలో నిలబడి చూసిన సినిమా గొప్పదై ఉంటే బాగుండునని మనసులో కోరిక. మీరు పంపిన పొగడ్తల్లో ఒకటి చదివితే అందులో సినిమా గురించి నాలుగు వాక్యాలు, దర్శకుడితో తాగిన టీ గురించి పది వాక్యాలు ఉన్నాయి. నచ్చిందన్నా నచ్చలేదన్నా, తెర మీద ఏం కనిపించిందో, ఏం వినిపించిందో చెప్పినవాళ్ల మాటే నేను దాచుకుంటాను. 'నిదానంగా ఉంది' అంటే నాకేమీ తెలియదు. 'పడుగు అతికే పని నాలుగు నిమిషాలు కత్తిరింపు లేకుండా చూపించారు' అని రాస్తే, అది తిట్టే రాసినా సరే, నాకు చూడాలో వద్దో తెలుస్తుంది. నా మటుకు నాకు ఆ నాలుగు నిమిషాలు చాలా ఇష్టం. తెగిన పోగును తడిచేసిన వేళ్లతో మెలిపెట్టి కలిపే పని మా మేనత్త చేస్తుంటే గంటలకొద్దీ కూర్చుని చూసేవాణ్ణి.

ఇంకో సంగతి. మీ హాలుకు వచ్చేది, గోవాలో వేసింది ఒకటే సినిమా కాకపోవచ్చు. ఉత్సవాల్లో వేసే సినిమాలకు సెన్సారు సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంటుంది. విడుదలకు మాత్రం సర్టిఫికెట్ కావాలి. ఈ మధ్యలో దర్శకులు కూర్చుని మళ్లీ కత్తిరించుకోవడం మామూలే. దీనికి పేరుమోసిన ఉదాహరణ ఉంది. 2003లో కాన్స్‌లో విన్సెంట్ గాలో అనే దర్శకుడు తీసిన 'ది బ్రౌన్ బన్నీ' చూసి రోజర్ ఎబర్ట్ అనే అమెరికన్ విమర్శకుడు ఆ ఉత్సవ చరిత్రలోనే ఇంత అధ్వాన్నమైన సినిమా లేదన్నారు. దర్శకుడికీ ఆయనకూ బహిరంగంగానే మాటల యుద్ధం నడిచింది. తర్వాత దర్శకుడు దాదాపు 26 నిమిషాలు తీసేశాడు. ఆ కొత్త ప్రతి చూసి ఎబర్ట్ బాగుందని రాశారు. తిట్టిన నోటితోనే మెచ్చుకోవడానికి పెద్ద మనసు కావాలి. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అందుకే. మీరు హాలుకు వెళ్లినప్పుడు మొదట్లో తెర మీద వచ్చే సర్టిఫికెట్‌లో నిడివి చూడండి. గోవాలో మేం చూసింది 148 నిమిషాలు. అంతకంటే తక్కువ ఉంటే నేను పైన చెప్పిన అరగంటలో ఎంతో కొంత పోయిందని అనుకోవచ్చు. అప్పుడు నా మాట కూడా పాతదైపోతుంది.

మన రాష్ట్రం సినిమానే మరొకటి చెబుతాను. నీరద్ మహాపాత్ర తీసిన ఒడియా చిత్రం 'మాయా మిరిగ' 1984లో కాన్స్‌లో విమర్శకులు ఎంపిక చేసే క్రిటిక్స్ వీక్ విభాగానికి వెళ్లింది. పూరీలో ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఉమ్మడి కుటుంబం మెల్లగా విడిపోవడం, అంతే కథ. మా వీధిలో ఆ పేరు విన్నవాళ్లు కూడా లేరప్పుడు. తర్వాత మంచి ప్రతి దొరకడమే కష్టమైపోయింది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు పాడైపోయిన నెగెటివ్‌ను బాగుచేయిస్తే 2024లో ఇటలీలోని బొలోన్యాలో మళ్లీ వేశారు. నలభై ఏళ్లు. మీ స్నేహితులిద్దరూ మూడు వారాల కిందటి సినిమా గురించి తీర్పు చెప్పేసి, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారని చదివి నాకు నిజంగా బాధ కలిగింది. వాళ్లిద్దరినీ ఒకే రోజు, ఒకే వరుసలో కూర్చోబెట్టండి. సినిమా అయ్యాక టీ కొట్టు దగ్గరికి వెళ్లేదాకా ఎవరూ మాట్లాడకూడదని ముందే మాట తీసుకోండి.

ఇక వెళ్లాలా వద్దా అన్నది. వెళ్లండి. గొప్ప సినిమా ముందే చూడటం కోసమైతే వద్దు, ఆరు నెలలు ఆగితే చాలా సినిమాలు ఎలాగూ ఫోనులోకి వస్తాయి. నేను వెళ్లేది ఆ మెట్ల దగ్గర మాటల కోసం. నా పక్కన కూర్చున్న మలయాళీ ఉపాధ్యాయిని, నా ముందు కూర్చున్న మణిపురి కుర్రాడు ఒకే బొమ్మను ఎలా చూశారో విన్నాక, నేను చూసింది ఎంత కొంచెమో తెలుస్తుంది. ఆ సుఖం ఇంట్లో ఫోనులో లేదు.

మొదటిసారి కాబట్టి దగ్గర్లో మొదలుపెట్టండి. భువనేశ్వర్‌లో అక్కడి ఫిల్మ్ సొసైటీ వాళ్లు నడిపే ఉత్సవం చిన్నది, తొక్కిసలాట ఉండదు. బరంపురం నుంచి సుమారు 170 కిలోమీటర్లు. పర్లాకిమిడి నుంచి వచ్చేవాళ్లు ముందురోజు రాత్రి బరంపురంలో ఆగినా సరే. అక్కడ దర్శకులు టీ దగ్గర మామూలుగా నిలబడి ఉంటారు, వెళ్లి పలకరించవచ్చు. తర్వాత తిరువనంతపురం. 1996లో మొదలైన కేరళ ఉత్సవం ఇప్పుడు అక్కడ జరుగుతోంది, సాధారణంగా డిసెంబరులో. నా అనుభవంలో దేశంలో అంత శ్రద్ధగా సినిమా చూసే జనం ఇంకెక్కడా లేరు. ఆటో నడిపేవాళ్లు కూడా పాసు మెడలో వేసుకుని పొద్దున్నే వరసలో నిలబడటం నా కళ్లతో చూశాను. మీ ప్రశ్నకు సంబంధించిన ఇంకో సంగతి అక్కడుంది. జ్యూరీ ఇచ్చే సువర్ణ చకోరం వేరు, ప్రతినిధులు ఓట్లు వేసి ఇచ్చే ప్రేక్షకుల బహుమతి వేరు. నిపుణుల మాట, జనం మాట వేరుగా ఉండవచ్చని, రెండింటికీ చోటు ఇవ్వాలని ఒప్పుకున్న ఉత్సవం అది.

గోవా మూడోసారికి పెట్టుకోండి. 1952లో బొంబాయిలో పుట్టిన ఉత్సవం, 2004 నుంచి పణజిలోనే జరుగుతోంది, నవంబరు చివరి భాగంలో. మన వైపు నుంచి హౌరా–వాస్కో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, బరంపురంలో ఆగుతుంది. వారంలో కొన్ని రోజులే నడుస్తుంది కాబట్టి తేదీలు ముందే సరిచూసుకోవాలి. మడగావ్‌లో దిగి బస్సు ఎక్కాలి. ఒక రోజుకు పైగా ప్రయాణం. గది పణజి లోపలే వెతకండి, ఖర్చు ఎక్కువైనా సరే. ఒకసారి నలభై రూపాయలు మిగులుతాయని ఊరి బయట దిగి, రాత్రి చివరి ఆట తర్వాత బస్సు దొరక్క నది ఒడ్డున తెల్లవారేదాకా కూర్చున్నాను. ప్రతినిధిగా పేరు నమోదు ఉత్సవం మొదలయ్యే ముందే ఆన్‌లైన్‌లో చేసుకోవాలి. విద్యార్థి అయితే గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. పాసు ఉన్నా, ప్రతి సినిమాకూ సీటు విడిగా బుక్ చేసుకోవాల్సి ఉంటుంది. పేరున్న సినిమాలు నిమిషాల్లో అయిపోతాయి. అవి దొరకకపోతే దిగులుపడకండి. బుక్ చేసుకుని రానివాళ్ల సీట్లు వరసలో నిలబడ్డవాళ్లకు ఇస్తారు. ముప్పావుగంట ముందు వెళ్లి నిలబడితే నాకు చాలాసార్లు దొరికింది. నీళ్ల సీసా, ఒక స్వెటరు, తినడానికి ఏదైనా పొడి పదార్థం వెంట ఉండాలి. ఆ హాళ్లలో చలి మన గోపాల్‌పూర్ పుష్యమాసం తెల్లవారుజామును మించి ఉంటుంది.

సినిమా పేరు పక్కన ప్రపంచ ప్రీమియర్, ఆసియా ప్రీమియర్, భారత ప్రీమియర్ అని రకరకాలుగా రాసి ఉంటుంది. ప్రపంచంలో మొట్టమొదటిసారా, ఈ ఖండంలో మొదటిసారా, దేశంలో మొదటిసారా అన్నదే తేడా. సినిమా మంచిచెడ్డలకు దానితో సంబంధం లేదు. పోటీ విభాగంలో చేరాలంటే అంతకుముందు బయట వేసి ఉండకూడదని చాలా ఉత్సవాలు షరతు పెడతాయి. అందుకే నిర్మాతలు ఆ ముద్రను అంత జాగ్రత్తగా కాపాడుకుంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ ముద్ర వెంట పరుగెత్తి అలసిపోతారు. పాత సినిమాలు బాగుచేసి వేసే విభాగం ఒకటి ఉంటుంది, దాని ముందు వరస చిన్నది. అక్కడికి వెళ్లండి.

లైట్లు వెలిగాక హాలు దాటక ముందే మూడు వాక్యాలు రాసుకోండి. నేను స్కూలు పిల్లల గీతల నోటుపుస్తకం వాడతాను. ఆ రాత్రి మీ సినిమాకు నేను రాసుకున్నవి ఇవి: 'మగ్గం ఆగింది. అమ్మ రెండు భాషలు, సబ్‌టైటిల్‌కు ఒకటే. మధ్యలో పెళ్లి భాగం ఎందుకో తెలియలేదు.' ఇంకెవరి మాటా చెవిన పడకముందు రాసినవి కాబట్టి ఇవి నావి. ఆ పెళ్లి భాగం అవసరమేనని రాయగడ ఆవిడ నాతో వాదించింది, నేను ఇంకా ఒప్పుకోలేదు.

మన హాళ్లలో వేసే ప్రతికి సబ్‌టైటిళ్లు సరిచేశారో లేదో చూడాలి. ఆ గోవా ప్రదర్శన తర్వాత దర్శకుడికి ఈ భాష మారే సంగతి చెప్పాను. ఒడియా మాటలకు మామూలు అక్షరాలు, తెలుగు మాటలకు వాలు అక్షరాలు పెడితే చాలన్నాను. ఆయన వెంటనే జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు. పర్లాకిమిడిలో, బరంపురంలో మనకు ఆ గుర్తులతో పనిలేదు. అసలు ఈ సినిమాకు నిజమైన మొదటి ప్రదర్శన ఇక్కడే జరగబోతోందని నా నమ్మకం. మీ అమ్మగారిని, వీలైతే మగ్గం తెలిసిన వాళ్లను వెంటపెట్టుకుని మొదటి వారమే వెళ్లండి. ఆ గడప సన్నివేశంలో, షావుకారు తల ఊపినప్పుడు, హాలులో నవ్వు వినిపించిందా, ఎంతమంది నవ్వారు, మగ్గం ఆగగానే ఆ నవ్వు ఆగిందా, ఇవి నాకు రాయండి. నేను బరంపురంలో లెక్కపెట్టి మీకు రాస్తాను.